బొరుగుల బట్టీ చెప్పిన కరెంటు లెక్క

రాయచూరు జిల్లాలో మా జాలహళ్ళి ఇంట్లో కరెంటు బిల్లు చదవడం మా మనవరాలి పని. కరెంటు కంపెనీ జెస్కాం మనిషి మీటరు చూసి, చేతి మిషన్‌లోంచి కాగితం చింపి ఇవ్వగానే దాని చేతిలో పెడతాను. కన్నడంలో ఉన్న బిల్లుని తెలుగులో నాకు చదివి వినిపిస్తుంది. కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకం మొదలయ్యాక, అంటే 2023 ఆగస్టు బిల్లు నుంచి, చివరి గడిలో సున్నా ఉంటోంది. మొన్న ఆ సున్నా చదివి కాగితం మడుస్తూ అడిగింది.

"తాతా, మనలాంటి ఇళ్ళకి సర్కారు కడుతోందంటే సరే. ఫ్యాక్టరీల వాళ్ళు కూడా కరెంటు రేటు తగ్గించమంటున్నారని టీవీలో చెప్పారు. కొన్నిచోట్ల తగ్గించారట కూడా. కోట్లున్న వాళ్ళకి తగ్గించడమేంటి?"

మంచి ప్రశ్న. దీనికి నోటితో జవాబు చెప్పేకంటే కంటికి చూపించడం మేలనిపించింది. ఆ వారం రాయచూరులో పని పడితే వెంట తీసుకెళ్ళి, దారిలో ఒక బొరుగుల బట్టీ దగ్గర ఆగాను.

బొరుగుల బట్టీ మీలో చాలామంది చూసే ఉంటారు. మట్టి పొయ్యి మీద పెద్ద ఇనుప మూకుడు. మూకుట్లో నల్లగా మాడిన ఇసుక. కింద మనిషి కూర్చుని ఊక పోస్తూనే ఉంటాడు. పైనున్న ఆయన ఉప్పునీళ్ళు పట్టించి ఆరబెట్టిన బియ్యం ఒక దోసెడు ఇసుకలో వేసి, పుల్లల కట్టతో గబగబా తిప్పుతాడు. నాలుగైదు అంకెలు లెక్కపెట్టేలోగా గింజ పగిలి మల్లెమొగ్గలా తేలుతుంది. వెంటనే జల్లెట్లోకి తోడి, ఇసుక దులిపి, బొరుగులు పక్కకి పోసి, ఆ ఇసుకనే మళ్ళీ మూకుట్లోకి. మా పిల్ల నోరు తెరుచుకుని చూసింది.

"మధ్యాహ్నం అన్నానికి వెళ్ళేటప్పుడు మంట ఆర్పేస్తారా?" అని అడిగించాను దానిచేత. ఆయన నవ్వాడు. ఆర్పితే ఇసుక చల్లారుతుంది, మూకుడు చల్లారుతుంది, పొయ్యి గోడలు చల్లారతాయి. మళ్ళీ ఆ వేడికి తెచ్చేదాకా పోసిన ఊకంతా దండగ, ఒక్క గింజ కూడా పేలదు. సగం వేడిలో బియ్యం వేస్తే పేలకుండా ఎర్రబడి పాడవుతుంది. అందుకే ఒకరు తినొచ్చాక ఇంకొకరు వెళతారట.

"ఇది గుర్తుపెట్టుకో తల్లీ, నీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది" అన్నాను.

మిగతా సగం ఇంటికొచ్చాక చెప్పాను. ముందు యూనిట్ అంటే ఏమిటో తెలియాలి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు నడిస్తే ఒక యూనిట్. పుస్తకంలో 36 లక్షల జౌళ్ళు అని ఉంటుంది. ఆ మాట వింటే ఏమీ కళ్ళకి కట్టదు, అందుకని మన వడ్ల బస్తా తీసుకుందాం. బస్తా 75 కిలోలు. దాన్ని నేల మీద నుంచి మీటరు ఎత్తున్న లారీలోకి ఎత్తాలంటే పట్టే శక్తి 735 జౌళ్ళు. భాగించి చూడండి. ఒక్క యూనిట్ కరెంటులో దాదాపు 4,900 బస్తాలు లారీకి ఎత్తే శక్తి ఉంది! ఎంత బలమైన హమాలీ అయినా ఒక రోజులో అందులో పదో వంతు ఎత్తితే గొప్ప.

అదే యూనిట్‌తో నీళ్ళు కాచండి. మన బావి నీళ్ళు 30 డిగ్రీలనుకుంటే, ఒక్క చుక్క వేడి కూడా వృథా కాకపోయినా, ఓ 12 లీటర్లు మరుగుతాయి. అంతే. ఒక బకెట్‌కి కొంచెం తక్కువ.

మా మనవరాలు నమ్మలేదు. మళ్ళీ గుణించి చూసుకుంది. లెక్క సరిగ్గానే ఉంది. బరువులెత్తడం శక్తికి చిన్న పని, వేడెక్కించడం పెద్ద పని. ఫ్యాను తిప్పడానికి, మిషన్ కుట్టడానికి, పిండి మర ఆడించడానికి కొంచెం కరెంటు చాలు. గీజరు పెట్టిన ఇంట్లో మీటరు గిరగిరా తిరిగేది అందుకే. ఫ్యాక్టరీలు కూడా అంతే. బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి కరెంటు అవసరమే, కానీ ఖర్చుల్లో అదొక చిన్న పద్దు. రాయిని కరిగించి లోహం తీసే ఫ్యాక్టరీ సంగతి పూర్తిగా వేరు.

ఇనుము 1,538 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఒక టన్ను పాత ఇనుమును కరిగించడానికి కాగితం మీద లెక్కకే దాదాపు 380 యూనిట్లు తేలుతుంది. నిజం కొలిమిలో గోడల గుండా, పొగ గుండా పోయే వేడి కలుపుకుంటే 500 నుంచి 600. ఇది ఆల్రెడీ ఇనుముగా ఉన్నదాన్ని కరిగించడానికే. ఖనిజంలోంచి లోహాన్ని విడగొట్టాలంటే ఇంకా ఎక్కువ. ఎందుకంటే భూమిలో ఇలాంటి లోహాలు ఒంటరిగా ఉండవు. ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించాలి.

ఆంధ్రప్రదేశ్‌లోని విజయనగరం జిల్లాలో మాంగనీసు గనులు పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ ఉన్నాయి. ఆ ఖనిజాన్ని నమ్ముకునే 1950ల్లో గరివిడి దగ్గర శ్రీరామ్‌నగర్‌లో ఫేకర్ వారి ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వచ్చింది. తర్వాత బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో మరికొన్ని వచ్చాయి. ఉక్కులో కలిపే మాంగనీసు, సిలికాన్, క్రోమియం మిశ్రమాలు చేసేవే ఈ ఫ్యాక్టరీలు. మన ట్రాక్టరు నాగలి కర్రుకి, రైలు పట్టాకి, ఇంటి స్లాబులో కడ్డీకి గట్టిదనం వచ్చేది కొంత ఈ మాంగనీసు వల్లే. ఉక్కు కరిగేటప్పుడు అందులో మిగిలిన ఆక్సిజన్‌నీ, చెడు చేసే గంధకాన్నీ ఇది పట్టేసుకుంటుంది.

ఆ ఫ్యాక్టరీల్లో ఉండే ఫర్నేసు, అంటే కొలిమి, ఎలా ఉంటుందో చెబుతాను. లోపల అగ్గిఇటుకలు పేర్చిన పెద్ద గుండ్రటి ఇనుప తొట్టి. పై నుంచి తాటిమాను అంత లావున్న మూడు నల్లటి కడ్డీలు దిగుతాయి. వాటిని ఎలక్ట్రోడ్‌లంటారు. బొగ్గుపొడీ తారూ కలిపిన ముద్దను ఇనుప తొడుగులో కూరితే, ఫర్నేసు వేడికే అది కాలి గట్టిపడుతుంది. కిందికొస ఖర్చయ్యేకొద్దీ పైన కొత్త ముద్ద వేస్తూ పోతారు. నార్వేలో పనిచేసిన సోడర్‌బర్గ్ అనే ఇంజనీరు పేరుతో ఆ పద్ధతి ప్రపంచమంతా నడుస్తోంది. ఖనిజం, కోక్ బొగ్గు, సున్నపురాయి లాంటివి పై నుంచి పోస్తుంటారు. కడ్డీల కొసలు ఆ కుప్పలో పూడుకుపోయి ఉంటాయి. కరెంటు ఆ కుప్ప గుండా ప్రవహిస్తూ దాన్ని వేడెక్కిస్తుంది. ఆ వేడిలో కోక్‌లోని కార్బన్ ఖనిజంలోని ఆక్సిజన్‌ని లాక్కుని వాయువుగా పైకి పోతుంది. కరిగిన లోహం అడుగుకి దిగుతుంది. కొన్ని గంటలకొకసారి అడుగున రంధ్రం తెరిస్తే ఎర్రటి ధార బయటికొస్తుంది.

టన్ను సిలికో మాంగనీసుకి సుమారు 4,000 యూనిట్లు. ఫెర్రో సిలికాన్‌కి 8,500 నుంచి 9,000, ఎందుకంటే ఇసుకలోని సిలికాన్ ఆక్సిజన్‌ని పట్టుకున్న పట్టు ఇంకా గట్టిది. అల్యూమినియం దగ్గరికొస్తే 13,000 దాటుతుంది. అక్కడ కార్బన్‌కి ఆ ఆక్సిజన్‌ని మామూలు వేడిలో లాక్కునే శక్తి చాలదు, కరెంటే నేరుగా విడదీయాలి. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ, ఒకరినొకరు ఎరగకుండా ఒకే ఏడాది ఆ ఉపాయం కనిపెట్టారు. ఇద్దరూ పుట్టింది 1863లోనే, పోయింది 1914లోనే. సైన్స్ చరిత్రలో ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే.

ఇప్పుడు లెక్క చూడండి. మా ఇల్లు నెలకి వంద యూనిట్లు వాడుతుందనుకుందాం. 13 మెగావాట్లు లాగే ఒక ఫర్నేసు రోజుకి 3,12,000 యూనిట్లు వాడుతుంది. అది ఒక్క రోజులో మింగేది మా ఇంటికి 260 ఏళ్ళు వస్తుంది! యూనిట్ మీద ఒక్క రూపాయి పెరిగితే టన్ను సిలికో మాంగనీసు మీద 4,000 రూపాయలు పెరుగుతుంది. పప్పు రేటు పెరిగితే పప్పు వడ ధర పెరిగినట్టే. వడ దుకాణానికి పప్పు ఎలాగో ఈ ఫ్యాక్టరీకి కరెంటు అలా. ముడిసరుకు అది. ఉత్పత్తి ఖర్చులో మూడో వంతు పైమాటే. ఖనిజాన్ని గనిలో తవ్వుకోవచ్చు, కోక్‌ని ఓడలో తెప్పించుకోవచ్చు. కరెంటు ధర మాత్రం ఆ రాష్ట్రంలో ఎంతంటే అంత.

అందుకే ఆంధ్రప్రదేశ్‌లో ఈ కథ పదే పదే వార్తల్లోకి వస్తోంది. 2016లో రాష్ట్ర ప్రభుత్వం ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమకి యూనిట్‌కి రూపాయిన్నర రాయితీ ఇవ్వాలని నిర్ణయించింది. సిలికో మాంగనీసుకి అది టన్నుకి 6,000 రూపాయల ఊరట. తర్వాత 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకీ, వ్యాపారాలకీ విద్యుత్ సుంకం యూనిట్‌కి 6 పైసల నుంచి రూపాయికి పెరిగింది. 94 పైసల తేడా. ఇంట్లో ఫ్యాను తిప్పుకునే మనకి అది కనిపించని అంకె. ఫర్నేసు దగ్గర రోజుకి మూడు లక్షల రూపాయలకి కొంచెం తక్కువ. 2023 మధ్యలో విజయనగరం జిల్లా ఫెర్రో అల్లాయ్స్ యాజమాన్యాలు ఈ ధరకి ఫర్నేసులు నడపలేమని, ఆపేస్తామని ప్రకటించాయి.

"ఆపితే ఆపనీ, రేటు తగ్గాక మళ్ళీ పెట్టుకోవచ్చుగా?" అంది మనవరాలు.

"బట్టీ ఆయన ఏమన్నాడు?" అన్నాను. తల గోక్కుంది, అర్థమైంది. ఫర్నేసు చల్లారితే లోపలున్న కుప్ప రాయిలా బిగుసుకుంటుంది. వేడి చల్లదనాల మధ్య నలిగి ఎలక్ట్రోడ్‌లు విరుగుతాయి, ఇటుకలు బీటలిస్తాయి. మళ్ళీ నిదానంగా వేడెక్కించి దారికి తేవడానికి రోజులు పడుతుంది, ఆ రోజుల్లో కాల్చిన కరెంటుకి ఒక్క టన్ను కూడా రాదు. ఇక ఫర్నేసు దగ్గర ఎండలో ఖనిజం మోసే మనిషికి ఆ రోజులన్నీ కూలి లేని రోజులే.

ఇంతవరకూ విన్నవాళ్ళకి ఒక అనుమానం రావాలి. వాళ్ళకి కష్టమైతే, ఆ కష్టం మనమెందుకు పంచుకోవాలి? దీనికి సమాధానం కరెంటు స్వభావంలోనే ఉంది. కరెంటుని గాదెలో పోసి దాచుకోలేం. బ్యాటరీలు వస్తున్నాయి గానీ అంత కరెంటుకి ఇంకా చాలవు. పుట్టించిన క్షణంలోనే వాడేయాలి. మనకి దగ్గర్లోనే, కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో థర్మల్ స్టేషన్ ఉంది. మొదటి యంత్రం 1985లో వచ్చింది, ఇప్పుడు మొత్తం 1,720 మెగావాట్లు. సింగరేణి నుంచి కూడా అక్కడికి రైళ్ళలో బొగ్గు వస్తుంది. అంత పెద్ద బాయిలర్లని రాత్రి పదింటికి ఆర్పి పొద్దున వెలిగించడం కుదరదు. అవి కూడా బొరుగుల బట్టీలే! ఊళ్ళన్నీ నిద్రపోయే వేళ కూడా ఎవరో ఒకరు కరెంటు వాడుతుండాలి.

మెస్ నడిపే వాళ్ళని అడగండి. నెల టికెట్టు కొన్నవాడికి భోజనం చవగ్గా ఎందుకిస్తారు? రోజూ వస్తాడని తెలుసు కాబట్టి బియ్యం లెక్క తప్పదు, అన్నం మిగలదు. ఎప్పుడో పెళ్ళినాడు వందమందితో ఊడిపడేవాడు అలా కాదు. ఇరవైనాలుగు గంటలూ ఒకేలా కరెంటు లాగే ఫర్నేసు నెల టికెట్టు మనిషి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ టారిఫ్ ఉత్తర్వుల్లో, తర్వాత తెలంగాణలో కూడా, ఫెర్రో అల్లాయ్స్‌కి ఈ పద్ధతిలోనే షరతు పెట్టారు. రేటు తక్కువిస్తాం, కానీ ఒప్పుకున్న లోడులో ప్రతి కేవీఏకి ఏడాదికి 6,701 యూనిట్లు వాడి తీరాలి, వాడకపోయినా డబ్బు కట్టాలి. ఈ వింత అంకె ఎక్కడిదా అని నేనోసారి కాగితం మీద వేసి చూశాను. ఏడాదికి 8,760 గంటలు. అందులో నూటికి 85 వంతులు నడిచినట్టు, పవర్ ఫ్యాక్టర్ 0.9 ఉన్నట్టు గుణిస్తే సరిగ్గా 6,701 వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ అంటే, గ్లాసు నిండా పోసిన టీలో పైన నురుగు పోగా మనం తాగే భాగమెంత అన్న లెక్క.

2003 విద్యుత్ చట్టం కూడా ఈ తేడాని ఒప్పుకుంటుంది. ఊరికే ఒకరి మీద ప్రేమతో రేటు తగ్గించకూడదు గానీ, ఎంత నిలకడగా వాడుతున్నారు, ఏ ఓల్టేజి దగ్గర తీసుకుంటున్నారు, ఏ వేళల్లో వాడుతున్నారు అన్నదాన్ని బట్టి రెగ్యులేటరీ కమిషన్ వేరు వేరు రేట్లు పెట్టవచ్చు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. మన కన్నడ నేల మీద పెద్ద కరెంటు మొదట ఎవరికి వెళ్ళిందో తెలుసా? 1902లో కావేరి మీద శివనసముద్రం జలపాతం దగ్గర కరెంటు పుట్టించి, 147 కిలోమీటర్ల తీగ లాగి, కోలారు బంగారు గనులకిచ్చారు. ఆ రోజుల్లో ప్రపంచంలో అంత పొడవైన తీగలు వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గన్ని. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. అంటే గనికి వెళ్ళిన మూడేళ్ళకి. రాత్రీ పగలూ పంపులు తోడే, రాయి దంచే గని ఉంది కాబట్టే ఆ ఖర్చు గిట్టింది. మన జిల్లా హట్టిలో బంగారు గని కంపెనీ 1947లో నిజాం కాలంలో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో మొదలైంది. అక్కడ కూడా టన్ను రాయిని పిండి చేస్తే దొరికేది కొన్ని గ్రాములే. ఆ దంచే మర ఆగితే బంగారం ఆగినట్టే.

ఇక నా మనసులో మాట. రాయితీ ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. కానీ ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోందో అందరికీ కనపడాలి. మా పొలంలో పది హెచ్‌పీ పంపుసెట్టు ఉంది, దానికి బిల్లు లేదు. అది గంట నడిస్తే ఏడు యూనిట్ల పైన. ఆ డబ్బు కర్ణాటక ప్రభుత్వం కంపెనీకి కడుతుంది. 2003 చట్టం 65వ సెక్షన్ చెప్పేది అదే. ఎవరికైనా సబ్సిడీ ఇవ్వదలిస్తే ప్రభుత్వం ఆ సొమ్ము ముందుగా పంపిణీ కంపెనీకి చెల్లించాలి. రైతుకైనా, ఇంటికైనా, ఫర్నేసుకైనా ఒకటే నియమం. ముందు కట్టకుండా నోటిమాటగా ప్రకటిస్తే ఏమవుతుంది? కంపెనీకి అప్పు పెరుగుతుంది, ఆ అప్పు వడ్డీతో సహా రెండేళ్ళకో మూడేళ్ళకో మిగతా వాళ్ళ బిల్లులోకి ఎక్కుతుంది. అప్పుడు పక్కవీధిలో పిండిమర వాడు ఫర్నేసు రాయితీ కడుతున్నాడని ఎవరికీ తెలియదు, వాడికీ తెలియదు.

ఇంకో షరతు నేనైతే పెడతాను. రాయితీ తీసుకున్న ఫ్యాక్టరీ ఏటా టన్నుకి ఎన్ని యూనిట్లు వాడిందో బయటపెట్టాలి, అది తగ్గుతూ రావాలి. ఫర్నేసు నుంచి వచ్చే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అది మండుతుంది. మూతపెట్టిన ఫర్నేసుల్లో దాన్ని పట్టి మళ్ళీ వాడుకోవచ్చు. ఊరికే గాల్లోకి వదిలేసి, పైగా రేటు తగ్గించమంటే ఎలా? బట్టీ ఆయన చూడండి, పొయ్యి వెనక సెగలో తర్వాతి వాయి బియ్యం ఆరబెట్టుకుంటున్నాడు. వేళలు మార్చుకోవడం కూడా నేర్చుకోవాలి. 2023లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం, 2024 ఏప్రిల్ నుంచి పెద్ద వాడకందార్లకి ఎండ ఉన్న గంటల్లో కరెంటు కనీసం 20 శాతం చవగ్గా ఉండాలి, సాయంత్రం గిరాకీ వేళ కనీసం 20 శాతం ఎక్కువ. పావగడ సోలార్ పార్కులో మధ్యాహ్నం 2,000 మెగావాట్ల దాకా పుట్టే కరెంటు ఎవరో ఒకరు వాడాలి కదా. ఫర్నేసుని పూర్తిగా ఆపలేకపోయినా సాయంత్రం కొంచెం తగ్గించి మధ్యాహ్నం కొంచెం పెంచవచ్చు.

బయటి దేశాలు కూడా ఇదే ముల్లు మీద నిలబడ్డాయి. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత యూరప్‌లో కరెంటు ధర మండిపోయి, స్లొవేకియాలో స్లొవాల్కో అనే అల్యూమినియం ఫ్యాక్టరీ 2022లో ఖనిజంలోంచి లోహం తీయడం మానుకుంది. జర్మనీ 2024 నుంచి ఫ్యాక్టరీలకి విద్యుత్ పన్ను 1.537 సెంట్ల నుంచి 0.05 సెంటుకి దించింది. అప్పటి మన డబ్బులో యూనిట్‌కి రూపాయి నలభై పైసల దగ్గర నుంచి ఐదు పైసల లోపుకి. సరిగ్గా ఆంధ్రలో జరిగినదానికి తలకిందులు. అంత డబ్బున్న దేశమే కరెంటు దగ్గర చెయ్యి వదిలితే ఫ్యాక్టరీ సముద్రం దాటిపోతుందని భయపడింది.

ఇదంతా చెప్పాక మా మనవరాలు మడిచిన బిల్లుని మళ్ళీ విప్పింది. "సున్నా పైన ఇంకో గడి ఉంది తాతా, సబ్సిడీ అని. ఇన్నాళ్ళూ చదవలేదు" అంది. ఆ రోజు నుంచి ఆ గడి కూడా చదువుతోంది.

మీరూ ఈ నెల బిల్లు వచ్చాక చివరి అంకె ఒక్కటే చూసి మడిచి పెట్టెయ్యకండి పిల్లలూ. వాడిన యూనిట్లెన్నో, ఎవరు ఎంత కట్టారో చదవండి. శక్తినగర్ లాంటి చోట బొగ్గుతో పుట్టిన ప్రతి యూనిట్ వెనకా ముప్పావు కిలో దాకా బొగ్గు కాలింది.